సిగరెట్ మానిన ఇంట్లో మొదటి మూడు వారాలు

మన తెలుగువాళ్ళకీ పొగాకుకీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. కన్యాశుల్కంలో గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న విద్య ఏదైనా ఉందంటే అది చుట్ట కాల్చడమే. గోదావరి లంకల్లో పండిన పొగాకుని స్వయంగా చుట్టుకుని, వీధరుగు మీద కూర్చుని కాల్చిన తాతల్ని మనలో చాలామంది చూశాం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు వాళ్ళకయితే నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మామ్మలు కూడా తెలుసు. దేశం మొత్తానికి ఒక పొగాకు బోర్డు పెట్టవలసి వచ్చినప్పుడు, 1976లో, దాన్ని తీసుకొచ్చి గుంటూరులోనే పెట్టారు. కాలేజీ రోజుల్లో ఒక చార్మినార్‌తో మొదలుపెట్టి, ఇంజనీరింగ్ హాస్టల్లో మరో బ్రాండుకి మారి, ఆ అలవాటుని ఆవకాయ సీసాతో పాటు భద్రంగా మోసుకుంటూ అమెరికా విమానం ఎక్కినవాళ్ళు మన అసోసియేషన్లో ఎంతమందో ఎవరూ లెక్క తియ్యలేదు. ఏ మహాసభల్లోనైనా భోజనాల తర్వాత కన్వెన్షన్ సెంటర్ వెనక తలుపు దగ్గరకి వెళ్తే కొంత అంచనా దొరుకుతుంది.

సిగరెట్ చెడ్డదని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆ సంగతి కాల్చేవాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. 2015లో అమెరికా ప్రభుత్వం చేసిన సర్వేలో, సిగరెట్ కాల్చే పెద్దవాళ్ళలో నూటికి 68 మంది మానెయ్యాలని ఉందన్నారు. 55 మంది ఆ ఏడాదిలో మానడానికి ప్రయత్నించారు కూడా. మానగలిగిన వాళ్ళు మాత్రం 7 శాతం. ఆ 55కీ ఈ 7కీ మధ్య ఏం జరుగుతోందన్నదే మనకి కావలసిన విషయం. జరిగేదేదో చాలామటుకు మొదటి మూడు వారాల్లో జరుగుతుంది. అదీ ఇంట్లో, భార్యాపిల్లల ఎదురుగా జరుగుతుంది. అందుకని మానేవాళ్ళ కన్నా ముందు ఇంట్లోవాళ్ళు చదివితే ఇంకా మంచిది.

గడియారం ప్రకారం వచ్చే చిరాకు

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. అక్కడ దాన్ని అందుకోవడానికి రిసెప్టర్లు ఉంటాయి. అవి అందుకోగానే డోపమిన్ విడుదలై ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఇలా రోజుకి పదిహేను ఇరవై సార్లు జరుగుతూంటే మెదడు ఆ రిసెప్టర్ల సంఖ్యని పెంచుకుంటుంది. తరచూ వచ్చే చుట్టాల కోసం ఇంటికి కొత్త గదులు వేయించుకున్నట్టన్నమాట. రక్తంలోని నికోటిన్ దాదాపు రెండు గంటలకి సగం అయిపోతుంది. గంటా గంటన్నరకి చెయ్యి జేబులోకి వెళ్ళడానికీ, పొద్దున్నే లేవగానే కాల్చే మొదటి సిగరెట్ అంత రుచిగా ఉండడానికీ కారణం ఇదే. రాత్రంతా ఖాళీ అయిన గదులు ఒక్కసారి నిండుతాయి.

మానేసిన రోజున ఆ గదులన్నీ ఖాళీగా ఉండి గోల పెడతాయి. ఆఖరి సిగరెట్ తర్వాత కొన్ని గంటల్లోనే గోల మొదలై, రెండో రోజు, మూడో రోజు తారస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత మెల్లగా దిగుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. ఈలోపు చిరాకు, కోపం, కారణం లేని దిగులు, కాలు నిలవకపోవడం, పని మీద మనసు లేకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఆకలి పెరగడం, మలబద్ధకం, ఒక్కొక్కరికి నోట్లో పుళ్ళు. కొందరికి దగ్గు తగ్గడానికి బదులు కొన్నాళ్ళు ఎక్కువవుతుంది. దాంతో "చూశావా, మానితేనే జబ్బు చేసింది" అంటారు. ఊపిరితిత్తులు ఇన్నాళ్ళూ పేరుకున్నదాన్ని బయటికి ఊడ్చుకునే దగ్గు అది.

మద్యం అలవాటు బాగా ముదిరినవాళ్ళు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదకి రావచ్చు. నికోటిన్ అలాంటిది కాదు. బాధ పెడుతుంది, కానీ దానికి తేదీ ఉంది. కాకపోతే ఆ తేదీ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడో రోజున భర్త కంచం విసురుగా పక్కకి నెట్టి లేచిపోతే, "మీరు ఆ సిగరెట్టేదో కాల్చుకోండి బాబూ, ఈ చిరాకు మేం పడలేం" అనేస్తుంది భార్య. ఆ ఇంట్లో ఆ వారం పలికిన మాటల్లో దానికన్నా ఖరీదైనది మరొకటి ఉండదు. ఇంకొక్క రోజు ఓపిక పడితే కొండ దిగడం మొదలయ్యేది. ఆయన కూడా సిగరెట్ లేకపోతే తను మనిషిని కానని తీర్మానించుకుని గరాజ్‌లోకి నడుస్తాడు.

టెన్షన్ తగ్గడానికే కాలుస్తున్నానని చెప్పే ప్రతివారికీ ఒక మాట. సిగరెట్ తీర్చే టెన్షన్లో పెద్ద భాగం, అంతకుముందు సిగరెట్ తర్వాత గంట గడవడం వల్ల పుట్టినదే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. మానిన వాళ్ళలో ఆందోళన, దిగులు, ఒత్తిడి మానని వాళ్ళకన్నా తగ్గాయని తేలింది. అయితే ఆ తగ్గడం ఆరు వారాలు దాటాక కనపడే సంగతి. మూడో రోజున కాదు.

కాబట్టి ముహూర్తం చూసుకోవడంలో తప్పు లేదు. ఆఫీసులో ప్రాజెక్ట్ రిలీజ్ ఉన్న వారం, ఇల్లు మారే వారం, వీసా స్టాంపింగ్ వారం వద్దు. గురువారం రాత్రి ఆఖరి సిగరెట్ పారేస్తే ఆ రెండో రోజూ మూడో రోజూ శని ఆదివారాల్లో పడతాయి. ఆ వారాంతం ఎవరింట్లోనూ పార్టీ లేకుండా ఉంటే మరీ మంచిది. ఫ్రిజ్ మీద కాలెండర్లో ఆ మూడు వారాలకీ గీత గీసి పెట్టండి. ఏ రోజు ఎన్నో రోజో ఇంట్లో అందరికీ కనపడాలి.

మామగారు వచ్చిన కొత్తలో

మన ఇళ్ళలో నికోటిన్ కష్టాలు ఎక్కువగా కనపడేది, దాన్ని ఎవరూ గుర్తుపట్టనిది, ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు. అరవై ఐదేళ్ళ పెద్దాయన. నలభై ఏళ్ళుగా రోజుకి ఒక పాకెట్టు. ఆఖరి సిగరెట్ శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట. అమెరికాకి వచ్చే, అమెరికా నుంచి వెళ్ళే విమానాలన్నిటిలో 2000 సంవత్సరం నుంచి పొగ తాగడం నిషేధం కనక, మధ్యలో విమానం మారడంతో కలిపి ఇరవై రెండు, ఇరవై నాలుగు గంటలు ఒక్క దమ్ము లేదు. ఇల్లు చేరాక కొడుకు అపార్ట్‌మెంట్‌లో కాల్చడానికి వీల్లేదు. బాల్కనీలో కాలిస్తే లీజింగ్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. బయట మంచు. కోడలి ముందు అడగడానికి మొహమాటం. మనవడికి ఆస్తమా. సరే, మానేద్దామని తనలో తనే అనుకుంటాడు. పెద్దమనిషి కనక ఎవరికీ చెప్పడు.

ఇంక చూడండి. వచ్చిన మూడో రోజుకల్లా ఆయనకి ఏదీ నచ్చదు. పప్పులో ఉప్పు లేదంటాడు, హీటర్ గాలి పడటం లేదంటాడు, రాత్రి రెండింటికి లేచి హాల్లో పచార్లు చేస్తాడు, టికెట్ ముందుకి జరపమంటాడు. జెట్‌లాగ్ అనుకుంటాడు కొడుకు. తను వండినది నచ్చలేదనుకుంటుంది కోడలు. అత్తగారు మధ్యలో నలిగిపోతుంది. ఎన్నేళ్ళ నుంచో అనుకుని తెప్పించుకున్న తల్లిదండ్రులు ఆరు నెలలు ఉంటారనుకుంటే ఆరు వారాలకి వెళ్ళిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. వాటిలో కొన్నిటికి "ఇక్కడ ఏమీ తోచదు" అన్నదే పూర్తి కారణం అని నేను నమ్మను.

ఇందులో చెయ్యగలిగింది చాలా ఉంది. టికెట్ కొన్నప్పుడే కొడుకో కూతురో ఫోన్లో అడగాలి: "నాన్నా, ఇక్కడ సిగరెట్ సంగతి ఎలాగ?" నిందలా కాదు, బీపీ మాత్రలు ఎన్ని తెచ్చుకుంటున్నారని అడిగినట్టే. కింద చెప్పబోయే పాచ్‌లు, గమ్ ఇక్కడ ఫార్మసీలో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరుకుతాయి. గుండెజబ్బు ఉన్నా, ఈమధ్య స్టెంట్ వేయించుకున్నా బయల్దేరే ముందు అక్కడి డాక్టర్ని అడిగి రావడం మంచిది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. పొగలో ఉండే తారు పదార్థాలు లివర్‌ని తొందరపెట్టి కొన్ని మందుల్ని వేగంగా ఖర్చయ్యేలా చేస్తాయి. పొగ ఆగిపోతే అదే మోతాదు ఒంట్లో ఎక్కువ పేరుకుంటుంది. ఆయాసానికి మన డాక్టర్లు రాసే డెరిఫిల్లిన్‌లో ఉండే థియోఫిలిన్ అలాంటిదే. ఆ మాత్ర వేసుకునే పెద్దాయన సిగరెట్ మానిన వారానికి గుండెదడ, వికారం, చేతులు వణకడం అంటే, అది మానడం వల్ల వచ్చిన నీరసమని ఊరుకోకండి. డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు కూడా మొదటి వారాల్లో షుగర్ తరచుగా చూసుకోవాలి, మోతాదు మార్చవలసి రావచ్చు.

ఫిల్టర్ కాఫీ చేసే పని

మందులకి చెప్పిందే కాఫీకి కూడా వర్తిస్తుంది. కాల్చేవాళ్ళ ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చయిపోతుంది. మానాక, అదే రెండు కప్పుల కాఫీకి రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. గుండె దడదడ, చేతులు వణుకు, రాత్రి కళ్ళు మూతపడకపోవడం అన్నీ సిగరెట్ మానడం మీదకి నెట్టేస్తాం కానీ వాటిలో సగం వాటా డికాక్షన్‌ది కావచ్చు. పాచ్ వేసుకున్నా ఇది తప్పదు, ఎందుకంటే ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. కాఫీ మానెయ్యమంటే తెలుగువాడు సిగరెట్ మానడమే మానుకుంటాడు కనక, ఆ మూడు వారాలు సగం చేసుకోమని చెప్తాను. మధ్యాహ్నం మూడు దాటాక మజ్జిగే. పైగా కాఫీ కప్పుకీ సిగరెట్టుకీ ఉన్న జోడీ విడదియ్యాలి. రోజూ బాల్కనీలో నిలబడి తాగే కాఫీని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తాగండి. పిచ్చి సలహాలా ఉంటుంది కానీ పని చేస్తుంది.

అయిదు నిమిషాలు దాటడం

రోజంతా ఉండే చిరాకు వేరు, ఉన్నట్టుండి ప్రాణం లాగేసే యావ వేరు. యావ అలలా వస్తుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు ఉండి, కాల్చినా కాల్చకపోయినా పోతుంది. మొదట్లో గంటకోసారి, పోనుపోను రోజుకోసారి. భోజనం అవగానే, కారెక్కగానే, ఫోన్లో వాదన అవగానే వస్తుందని ముందే తెలుసు కాబట్టి ఆ వేళకి ఒక పని సిద్ధంగా పెట్టుకోవాలి. వేగంగా నడక అన్నిటికన్నా మంచిది. పది నిమిషాలు నడిస్తే యావ తగ్గుతుందని పరీక్షల్లో కూడా తేలింది. చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగడం, పళ్ళు తోముకోవడం, గిన్నెలు కడగడం (ఇంట్లో దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పరు) కూడా పనికొస్తాయి.

నోటికి ఏదో ఒకటి ఉండాలంటే సోంపు, లవంగం, ఏలక్కాయ, ఎండు ఉసిరి ముక్క, కారెట్ ముక్కలు. వక్కపొడి మాత్రం వద్దు. సిగరెట్ మాని వక్కపొడి పాకెట్లకి దిగినవాళ్ళు మనలో బోలెడుమంది. పొగాకు కలవకపోయినా వక్క తనంత తానే కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది. జంతికలూ, చేగోడీలూ కూడా చూసుకుని. మానిన మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు బరువు పెరుగుతారు, అందులో ఎక్కువ మొదటి మూడు నెలల్లోనే. అలాగని ఆ నెలలోనే కఠినమైన డైటింగ్ కూడా మొదలుపెడితే రెండు యుద్ధాలు ఒకేసారి చెయ్యవలసి వస్తుంది. ముందు ఇది గెలవండి, పొట్ట సంగతి తర్వాత చూద్దాం.

మందు వేసుకుంటే పరువు పోదు

"మనసు గట్టిగా ఉంటే మందులెందుకండీ" అంటారు మనవాళ్ళు. జ్వరానికి ఆ మాట అనరు. ఏ సాయమూ లేకుండా మానినవాళ్ళలో ఆరు నెలలు, ఏడాది దాకా నిలబడేది నూటికి ముగ్గురు నుంచి అయిదుగురు. పాచ్, గమ్ లాంటివి వాడితే గెలిచే అవకాశం సుమారు సగం మేర పెరుగుతుంది. పాచ్‌కి తోడు యావ వచ్చినప్పుడు గమ్ నమిలితే, ఏదో ఒకటే వాడినదానికన్నా మెరుగు.

రోజుకి పదికి మించి కాల్చేవాళ్ళకి మామూలుగా 21 మిల్లీగ్రాముల పాచ్ ఆరు వారాలు, తర్వాత 14, 7 మిల్లీగ్రాములవి రెండేసి వారాలు. పాచ్ రాత్రి కూడా ఉంచుకుంటే విచిత్రమైన కలలొస్తాయని కొందరంటారు. అలా అయితే పడుకునేముందు తీసెయ్యవచ్చు. గమ్ రెండు రకాలు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కాల్చేవాళ్ళకి 4 మిల్లీగ్రాములది, మిగిలినవాళ్ళకి 2 మిల్లీగ్రాములది. అందరూ పొరపాటు చేసేది దీన్ని నమలడంలోనే. చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే రసం కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, మంట తప్ప ప్రయోజనం ఉండదు. నాలుగు సార్లు నెమ్మదిగా నమిలి, నాలిక చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి, పూర్వం పెద్దవాళ్ళు పొగాకు కాడ బుగ్గన పెట్టుకున్నట్టే. చురుకు తగ్గాక మళ్ళీ నాలుగు సార్లు. నమలడానికి పావుగంట ముందు నుంచీ కాఫీ, ఆరెంజ్ జ్యూస్, సోడా తాగకూడదు. వాటి పులుపు నికోటిన్‌ని నోట్లో ఇంకనివ్వదు.

డాక్టర్ రాయవలసిన మాత్రల్లో వరెనిక్లిన్ గట్టిది. 2006లో చాంటిక్స్ పేరుతో వచ్చింది. మనసు మీద చెడు ప్రభావం ఉందన్న భయంతో 2009లో దాని పెట్టె మీద పెద్ద హెచ్చరిక వేయించిన ఎఫ్.డి.ఎ., పెద్ద పరీక్ష ఒకటి జరిగాక 2016లో ఆ హెచ్చరిక తీసేసింది. ఇప్పుడు జనరిక్‌గా దొరుకుతోంది. ఫిట్స్ వచ్చే అలవాటు ఉన్నవాళ్ళకి రెండో మాత్ర బ్యుప్రోపియాన్ పనికిరాదు. గర్భిణులు, డిప్రెషన్‌కి వైద్యం చేయించుకుంటున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. ఫోన్ చేసి మాట్లాడదామంటే 1-800-784-8669 ఉంది, ఏ రాష్ట్రం నుంచి చేసినా ఆ రాష్ట్రం కౌన్సెలర్‌కి కలుపుతారు, డబ్బు తీసుకోరు.

పిల్లలతో రెండు మాటలు

పిల్లలూ, నాన్నో తాతయ్యో సిగరెట్ మానితే మీరు పోలీసులు కానవసరం లేదు. జేబులు వెతకడం, చొక్కా వాసన చూడడం వద్దు. మీరు చెయ్యగలిగిన మంచి పని ఒకటుంది. ఆయన మొహం చిట్లించుకుని లేచి నిలబడగానే "తాతయ్యా, అయిదు నిమిషాలు బయటికి వెళ్దాం రా" అనండి. కారమ్స్ ఒక ఆటైనా సరే. అయిదు నిమిషాల తర్వాత ఆయన మళ్ళీ మీ తాతయ్యే. ఆ వారం ఆయన మీ మీద అరిస్తే, అది మీరు చేసిన తప్పు వల్ల కాకపోవచ్చని గుర్తుంచుకోండి.

హైస్కూలు పిల్లలున్న తల్లిదండ్రులు ఇదే గడియారాన్ని ఇంకోవైపు తిప్పి చూడాలి. 2024లో జరిగిన జాతీయ సర్వేలో మిడిల్ స్కూలు, హైస్కూలు పిల్లల్లో 16 లక్షల 30 వేల మంది వేప్ వాడుతున్నట్టు తేలింది. 2019లో 50 లక్షలు దాటిన దానికన్నా ఇది బాగా తక్కువే, కానీ వాళ్ళలో మన పిల్లలు లేరనుకోవడం అమాయకత్వం. వేప్‌లో పొగ వాసన ఉండదు, మామిడిపండు వాసన ఉంటుంది. ఉన్నది మాత్రం అదే నికోటిన్. పెదవి కింద పెట్టుకునే పౌచ్‌లలోనూ అదే. స్కూలుకి సెలవిచ్చి కుటుంబమంతా కలిసి లాంగ్ డ్రైవ్‌కి వెళ్ళిన రెండో రోజున, కారణం లేకుండా మండిపడుతూ, ప్రతి గాస్ స్టేషన్ దగ్గరా బాత్‌రూమ్‌కి పరిగెత్తే పదహారేళ్ళ పిల్లవాడిది టీనేజ్ పొగరే అని ముందే తేల్చకండి. కేకలేస్తే దాచుకోవడం నేర్చుకుంటాడు, అంతే. పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, పీడియాట్రిషియన్ దగ్గరకి తీసుకెళ్ళండి. పద్దెనిమిది లోపు వాళ్ళకి పాచ్‌లు మనంతట మనం కొనిపెట్టేవి కావు.

ఇండియా ప్రయాణం

మూడు వారాలు దాటాక బాధ తగ్గుతుంది కానీ యావ పూర్తిగా పోదు. నెలల తర్వాత కూడా ఒక చోటు, ఒక వాసన, ఒక స్నేహితుడు దాన్ని లేపగలరు. మనవాళ్ళ విషయంలో ఆ చోటు ఎక్కడుందో అందరికీ తెలుసు. డాలస్‌లో ఎనిమిది నెలలు మానినవాడు డిసెంబర్‌లో ఊరెళ్తాడు. సాయంత్రం పాత జట్టు ఇరానీ హోటల్ ముందు కలుస్తుంది. ఒకడు లూజు సిగరెట్లు రెండు తెచ్చి, అడగకుండానే ఒకటి చేతిలో పెడతాడు. వద్దంటే, "అమెరికా వెళ్ళి పెద్దవాడివైపోయావురా" అంటాడు. ఆ మాట పడలేక వెలిగించిన ఒక్క సిగరెట్టుతో తిరుగు విమానం నాటికి మళ్ళీ రోజుకో పాకెట్టు అయినవాళ్ళు ఉన్నారు.

ఒకటి కాల్చినంత మాత్రాన ఎనిమిది నెలలూ గంగలో కలిసినట్టు కాదు. ఆ రాత్రే పాకెట్ పారేసి, మర్నాడు పొద్దున గమ్‌తో మొదలుపెడితే చాలావరకు నిలబడుతుంది. "ఇక్కడున్న మూడు వారాలూ కాల్చి, తిరిగి వెళ్ళాక మానేస్తా" అన్నప్పుడే మునిగేది. వెళ్ళే ముందే ఆ జట్టులో ఒకరికి ఫోన్ చేసి సంగతి చెప్పి ఉంచితే, మిగిలినవాళ్ళని ఆయనే ఆపుతాడు. గమ్ పాకెట్ చెక్‌ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతిసంచీలో పెట్టుకోండి. దాని అవసరం ఎయిర్‌పోర్టు బయట టాక్సీల దగ్గరే మొదలవుతుంది.